మామరి పలక మీద చందమామ: ఈస్టర్ దీవి రాతలో చుక్కల పంచాంగం ఉందా?

(నక్షత్ర పరిశీలకుల సమావేశంలో, కార్తీక పౌర్ణమి సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గర పెట్టుకుంటాను.

పోయిన నెల మనవాళ్లలో ఒకాయన ఫోన్‌లో ఒక బొమ్మ చూపించారు. చేపలు, పక్షులు, నెలవంకలు, చేతులు చాపిన మనుషులు వరసగా చెక్కిన చెక్క పలక. "ఇది పాలినీషియా వాళ్ల, అంటే పసిఫిక్ దీవుల వాళ్ల, నక్షత్ర పంచాంగమట, చదివేశారట, నిజమేనా?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏమీ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. పంచాంగం అన్న మాట నిజం. నక్షత్రం అన్న మాట దగ్గరే పేచీ. ఆ పేచీ చెప్పడానికే ఈ పూట.

ముందు ఊరు ఎక్కడో చూద్దాం. పసిఫిక్ మహాసముద్రంలో చిలీ తీరానికి సుమారు 3,500 కిలోమీటర్ల పడమరగా ఒక చిన్న దీవి. విస్తీర్ణం 163 చదరపు కిలోమీటర్లు, అంతే. 1722లో ఈస్టర్ పండగనాడు డచ్చి నావికుడు రోగెవీన్ అక్కడికి చేరాడు కాబట్టి మనకు ఈస్టర్ దీవి అయింది. అక్కడివాళ్లకు అది రాపా నుయి. పెద్ద పెద్ద రాతి విగ్రహాలు ఉన్న దీవి అంటే అందరికీ గుర్తొస్తుంది. దానికి ఇంకో పేరు కూడా చెబుతారు: మాతా కి తె రాంగి. ఆకాశం వైపు చూసే కళ్లు అని. ఆ పేరు వింటేనే మనలాంటి వాళ్లకు మనసు జారిపోతుంది కదా! జారకుండా కాస్త పట్టుకోండి.

1864లో యూజీన్ ఎయిరో అనే ఫ్రెంచి మిషనరీ అక్కడ కొన్ని నెలలున్నాడు. ప్రతి ఇంట్లోనూ గుర్తులు చెక్కిన చెక్క పలకలో, కర్రలో ఉన్నాయని ఉత్తరం రాశాడు. బయటి ప్రపంచానికి ఈ రాత గురించి తెలిసింది అప్పుడే. దాన్ని రొంగొరొంగొ అంటారు. మరి ఆ పలకలన్నీ ఏమయ్యాయి? ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద మిగిలినవి రెండు డజన్ల పైచిలుకు. రోములో కొన్ని, సాంటియాగోలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, లండన్‌లో మరికొన్ని. రాపా నుయిలో ఒక్కటీ లేదు.

దీనికి కారణం చెప్పకుండా ముందుకు పోలేను. ఎయిరో రావడానికి ఏడాది ముందే, 1862 చివర్లో, పెరూ నుంచి బానిసల కోసం ఓడలు వచ్చాయి. దాదాపు 1,500 మందిని ఎత్తుకుపోయారు. అందులో పెద్దలున్నారు, పలకలు చదవడం వచ్చినవాళ్లున్నారు. చాలామంది అక్కడే పోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో పాటు మశూచి వచ్చింది. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. ఒక ఊరి పురోహితులూ, పంతుళ్లూ, పెద్దలూ రెండేళ్లలో మాయమైతే ఆ ఊరి పంచాంగం గతి ఏమవుతుంది? పలకలు అటక మీద మిగిలాయి, చదివే నోళ్లు పోయాయి.

1868లో పసిఫిక్‌లోనే ఉన్న తాహితి దీవిలో ఉండే బిషప్ జోసాన్‌కు రాపా నుయి వాళ్లు ఒక కానుక పంపారు. మనుషుల జుట్టుతో పేనిన పొడవాటి తాడు. ఆ తాడును ఒక చెక్కకు చుట్టి పంపారు. ఆయన చూసింది చెక్కను! దాని మీద రాత ఉంది. అంటే అప్పటికే ఆ పలకను గాలపు తాడు చుట్టుకునే కండెగా వాడేశారన్నమాట, అంచుల్లో అందుకు గాట్లు కూడా పెట్టారు. మన ఇళ్లలో తాళపత్రాలు పొయ్యిలో పెట్టిన కథలు విన్నాం కదా, అలాంటిదే. ఇంతకీ ఆ కండె సామాన్యమైంది కాదు. 2024లో రోములోని నాలుగు పలకలకు రేడియోకార్బన్ పరీక్ష చేసి ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఈ కండె చెక్క మాత్రం ఐదు వందల ఏళ్లకు పైబడినదని తేలింది, అంటే రోగెవీన్ రావడానికి రెండు వందల ఏళ్ల ముందరి చెట్టు. పరీక్ష చెట్టు వయసు చెబుతుంది గానీ రాత వయసు చెప్పదు, ఆ మాట గుర్తుంచుకోవాలి. పాత చెక్క మీద కొత్తగా రాయొచ్చు. అయినా, "యూరోపియన్ల అక్షరాలు చూసి కాపీ కొట్టారు" అనేవాళ్లకు ఈ చెక్క గొంతులో పచ్చి వెలక్కాయే.

జోసాన్ ఊరుకోలేదు. తాహితి తోటల్లో పనిచేస్తున్న మెతోరో అనే రాపా నుయి మనిషి దొరికాడు. ఇతనికి చదవడం వచ్చు అన్నారు. నాలుగు పలకలు ఒక్కొక్కటీ చేతికిచ్చి చదివించుకుని, అన్నదంతా బిషప్ రాసుకున్నాడు. మెతోరో పలక పట్టుకుని పాడాడు. కింది వరస ఎడమ నుంచి మొదలుపెట్టాడు, వరస అయిపోగానే పలకను తలకిందులు చేసి పై వరసకు వెళ్లాడు. నాగలి పట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సాలు చివరికి వెళ్లాక ఎద్దులు మళ్లీ మొదటికి రావు, అక్కడే తిరిగి పక్క సాలు పట్టుకుంటాయి. రొంగొరొంగొ కూడా అంతే, కాకపోతే ప్రతి సాలుకూ అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. మెతోరోకు పలక పట్టుకోవడం తెలుసు, చదవడం మాత్రం అనుమానమే. "మనిషి, పక్షి, ఆకాశం, చేప" అని కనపడిన బొమ్మ పేరల్లా చెప్పుకుంటూ పోయాడు. అదే అసలు చిక్కు.

ఇప్పుడు ఈ స్లయిడు చూడండి. మామరి పలక ఇది. పొడవు సుమారు 29 సెంటీమీటర్లు, వెడల్పు 20కి కొంచెం తక్కువ. పిల్లల స్కూలు పలకంత అనుకోండి. రెండు వైపులా 14 వరసల చొప్పున, వెయ్యి దాకా గుర్తులు. దీని చెక్క ఏదో కూడా తేల్చారు, మీకు తెలిసిన చెట్టే. గంగరావి! మన కోస్తా ఊళ్లలో రోడ్ల పక్కన, చెరువుగట్ల మీద పసుపుపచ్చ పూలు పూసే గంగరావే. వాళ్లు దాన్ని మాకోయి అంటారు. ఆ సంగతి చదివిన రోజున నేను మా వడ్రంగి దగ్గర ఒక గంగరావి ముక్క అడిగి తెచ్చుకున్నాను. ఇదిగో, ఇది అందరూ చేతులు మార్చుకుంటూ చూడండి. వాళ్లు సొరచేప పళ్లతోనూ, నల్లటి అగ్నిపర్వతపు గాజురాయి పెంకులతోనూ చెక్కేవారు. నా దగ్గర అవి లేవు కాబట్టి పగిలిన సీసా పెంకుతో ఒక చేప చెక్కాను. ఒక్క చేపకు నలభై నిమిషాలు పట్టింది, తోక వంకర పోయింది. పలక మీద గుర్తు ఎత్తు సెంటీమీటరు అటూ ఇటూ. వెయ్యి గుర్తులు చెక్కిన చెయ్యి ఎంత సాధన చేసి ఉంటుందో ఆ ముక్క చూస్తే తెలుస్తుంది.

ఈ వైపున మధ్యలో, రెండు వరసలకు పైగా పాకిన ఈ భాగం చూడండి. నెలవంక, నెలవంక, నెలవంక. పలకలో ఇంకెక్కడా ఇన్ని నెలవంకలు ఇలా గుంపులుగా కట్టి ఉండవు. జర్మన్ పండితుడు తోమాస్ బార్తెల్ 1958లో ఈ రాత మొత్తానికి ఒక జాబితా ప్రచురించాడు, గుర్తులకు నంబర్లు ఇచ్చాడు. ఇది చాంద్రమాసపు రాత్రుల పట్టిక అని గుర్తుపట్టింది ఆయనే. 1990లో జాక్ గీ అనే భాషావేత్త దాన్ని ఇంకా దగ్గరగా చూసి, లెక్క ఎలా నడుస్తుందో విప్పాడు.

ఎలా విప్పారు? ఇదే ఇవాళ్టి అసలు విషయం, కాస్త నెమ్మదిగా చెబుతాను.

బొమ్మ చూసి కాదు. 1886లో అమెరికా ఓడ ఒకటి ఆ దీవికి వచ్చినప్పుడు థామ్సన్ అనే అధికారి అక్కడి ముసలివాళ్లను అడిగి నెలలో రాత్రుల పేర్లు రాసుకున్నాడు. తర్వాత 1930ల్లో మెత్రో అనే పరిశోధకుడు మళ్లీ రాసుకున్నాడు. అంటే పలకతో సంబంధం లేకుండా, మనుషుల నోటి నుంచి వచ్చిన పట్టిక ఒకటి చేతిలో ఉంది. అందులో పున్నమికి ముందు కొకోరె ఒకటి, కొకోరె రెండు అంటూ ఆరు రాత్రులు. పున్నమి తర్వాత మళ్లీ కొకోరె ఒకటి నుంచి ఐదు దాకా. మన విదియ, తదియ శుక్లపక్షంలోనూ వస్తాయి, కృష్ణపక్షంలోనూ వస్తాయి, అలాగన్నమాట. మిగతా రాత్రులకు సొంత పేర్లు: మహారు, రాకావు, మావురి, రొంగో. పున్నమి పేరు ఒమొతొహి. చివరి రాత్రి ముతు, అంటే అయిపోయింది అని. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పట్టిక తీసి చూస్తే అక్కడ కూడా నెలాఖరు రాత్రి ముతుఫెనువా. ఇక్కడ హిరో, అక్కడ ఫిరో. వేల కిలోమీటర్ల సముద్రం మధ్యలో ఉన్నా, పేర్లు చుట్టాల్లాగే ఉన్నాయి.

ఇప్పుడు ఆ పట్టికను పలక పక్కన పెట్టి చూశారు. ఒకే గుర్తుల మూట మళ్లీ మళ్లీ వస్తుంది, దాని వెనక కొన్ని నెలవంకలు, మళ్లీ మూట, మళ్లీ నెలవంకలు. ఆ మూటలో ఒక చేప ఉంటుంది. మొదటి సగంలో చేప తల పైకి ఉంటుంది. సరిగ్గా మధ్యలో, పున్నమి ఉండాల్సిన చోట ఒక వేరే గుర్తు, గుండ్రంగా, లోపల కూర్చున్న మనిషి ఆకారం. అది దాటాక చేప తల కిందికి తిరిగిపోతుంది! పెరిగే చంద్రుడు, తరిగే చంద్రుడు. ఆ మధ్య బొమ్మ ఎవరంటే, ఆకాశంలో మట్టిపొయ్యి రాజేస్తున్న ముసలమ్మ. చంద్రుడిలో మనకు కుందేలు కనిపిస్తే వాళ్లకు వంట చేసే అవ్వ కనిపించింది. మనకు శశాంకుడు, వాళ్లకు పేదరాసి పెద్దమ్మ అనుకోండి.

గీ చెప్పిన ఇంకో మాట నాకు మరీ నచ్చింది. చాంద్రమాసం సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు కదా, మరి రాత్రుల పట్టిక 28 అయితే ఎలా? రెండు రాత్రులు, హోతు, హిరో, అవసరాన్ని బట్టి కలిపేవి. ఎప్పుడు కలపాలో తెలియాలంటే చంద్రుణ్ని చూస్తూ ఉండాలి. ఆ మూట గుర్తులు ఆ చూపుకు సంబంధించిన సూచనలు అంటాడాయన. ఆ వివరం అందరూ ఒప్పుకోవాలని లేదు. మన పంచాంగంలో ఒక తిథి ఎగిరిపోతుంది, ఇంకోటి రెండు సూర్యోదయాలు చూస్తుంది. దానికీ దీనికీ మూలం ఒకటే, చంద్రుడు ఒకే వేగంతో నడవడు.

ఇంత స్పష్టంగా ఉన్న పున్నమిని మెతోరో పోల్చుకోలేకపోయాడు. జోసాన్ రాసుకున్న కాగితాల్లో ఈ భాగం చూస్తే నెల రాత్రుల లెక్కను వెనక నుంచి చదివాడని కూడా గీ గమనించాడు. పాపం, అతన్ని తప్పుపట్టడానికి లేదు. పెద్దలు పోయిన ఊరి కుర్రాడు, బిషప్‌గారు అడిగారు, తెలియదంటే బాగుండదు. మన పెళ్లిళ్లలో మంత్రం మరిచిపోయిన పంతులుగారిలా ఏదో లయలో లాగించేశాడు.

సరే, చంద్రుడు అయ్యాడు. చుక్కల సంగతి?

నా సొంత బాగోతం ఒకటి చెబుతాను. నాకు ఈ రాత పరిచయమైన కొత్తల్లో మామరి బొమ్మను పెద్దగా ప్రింటు తీయించి ఫ్రిజ్‌కు అంటించాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక దాని ముందు నిలబడేవాణ్ని. కొన్నాళ్లకు కృత్తిక కనిపించింది. రోహిణి కనిపించింది. చేప అంటే రేవతి. చేతులెత్తిన మనిషి మృగశిర దగ్గరి వేటగాడు. మూడు నెలల్లో ఇరవై ఏడు నక్షత్రాల్లో ఇరవై రెండు సర్దేశాను. నోటుబుక్కు నిండిపోయింది, ఇంట్లో అందరికీ చూపించాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. పలక మీద వేలు పెట్టి, "నాన్నా, ఈ చేప రేవతి అయితే మరి ఈ చేప? ఇదీ? ఇదీ?" అంది. లెక్కపెడితే చేపలు బోలెడు.

ఆ రాత్రి పట్టుదలకు పోయి ఇంకో పని చేశాను. గుర్తులన్నీ చిన్న కాగితాల మీద రాసి, చీటీల్లా కలిపి, వరస మార్చి పరిచాను. అంటే ఎవరూ ఎప్పుడూ రాయని పలక. మళ్లీ నక్షత్రాలు వెతికాను. ఇరవై మూడు దొరికాయి! అసలు పలక కంటే ఒకటి ఎక్కువ. నోటుబుక్కు అటక ఎక్కింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లు ఈ రాత చుట్టూ చాలామంది ఉన్నారు. నక్షత్రాల పేరుతో వచ్చేవాళ్లు ఎక్కువ. ఎందుకంటే ఆకాశంలో చుక్కలకు కొదవ లేదు, ఏ వంకర గీతకైనా సరిపోయే రాశి ఎక్కడో అక్కడ ఉంటుంది. గుర్తులు కూడా అటూ ఇటూ వంగే రకం. బార్తెల్ జాబితాలో ఆరు వందల దాకా రూపాలున్నాయి. తర్వాత వచ్చిన రష్యన్ పరిశోధకులు అవి చాలావరకు కలిపి రాసినవనీ, అసలు మూలరూపాలు యాభై చిల్లరేననీ అన్నారు. ఏది ఒక గుర్తో, ఏది రెండు గుర్తుల జంటో అన్న దగ్గరే ఒప్పందం లేనప్పుడు, ఇది స్వాతి, అది చిత్త అని ఎలా అంటాం?

చంద్రుడి విషయంలో పలకను సరిచూడటానికి బయట ఒక పట్టిక ఉంది, ఎన్ని రాత్రులో తెలుసు, ఏ రాత్రి తర్వాత ఏ రాత్రో తెలుసు. నక్షత్రాలకు అలా వరసగా చెప్పిన రాపా నుయి పట్టిక మనకు మిగల్లేదు. సరిచూడటానికి ఏమీ లేని చోట ఎవరు ఏం చదివినా చెల్లుతుంది. ఒక ఊరి కిరాణా కొట్టు పద్దుల పుస్తకాన్ని కూడా జాతకచక్రం అని చదవొచ్చు.

మన దేశానికి కూడా ఇందులో ఒక పాత్ర దక్కింది. 1932లో గియోమ్ ద హెవెషి అనే హంగేరియన్, రొంగొరొంగొ గుర్తులనూ సింధు ముద్రల గుర్తులనూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటే అన్నాడు. పేపర్లలో పెద్ద సంచలనం. మధ్యలో భూగోళంలో సగం, కాలంలో వేల ఏళ్లు ఉన్నాయన్న సంగతి పక్కకు పోయింది. కొన్ని గుర్తులను పోలిక కుదిరేలా కొంచెం సర్ది గీశారని తర్వాత విమర్శించారు. ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ బొమ్మ సంక్రాంతికీ ఉగాదికీ ఒకసారి తిరుగుతూనే ఉంటుంది.

అయితే రాపా నుయి వాళ్లకు చుక్కలు తెలియవా? తెలియకపోవడమేమిటి! ఓడల్లో అంత దూరం వచ్చినవాళ్లు. 1976లో హవాయి నుంచి తాహితికి హోకులేఆ అనే పడవ దిక్సూచి లేకుండా వెళ్లింది, దాన్ని నడిపించిన మావు పియాయిలుగ్‌కు చుక్కలే దారి. హోకులేఆ అంటే మన స్వాతి. కృత్తికలను పాలినీషియా అంతటా ఒకే పేరుకు దగ్గరగా పిలుస్తారు: మావోరీలకు, రాపా నుయి వాళ్లకు మాతారికి, హవాయిలో మకాలీఇ. హవాయిలో ఇప్పుడే, ఈ కార్తీకం రోజుల్లోనే, పొద్దుగూకే వేళకు తూర్పున మకాలీఇ లేవగానే మకహికి అనే పండగ కాలం మొదలయ్యేది. న్యూజిలాండ్‌లో చలికాలం మధ్యలో, తెల్లవారుజామున మాతారికి కనిపించడమే కొత్త ఏడాది. 2022 నుంచి అది అక్కడ ప్రభుత్వ సెలవు. ఒకే చుక్కల గుంపు, ఒకచోట సాయంత్రం చూస్తారు, ఇంకోచోట వేకువన చూస్తారు. మా నాయనమ్మ దాన్ని పిల్లలకోడి అనేది.

1914లో కేథరిన్ రూట్లెజ్ అనే ఆవిడ సొంత పడవలో రాపా నుయి వెళ్లి ఏడాదికి పైగా ఉంది. అక్కడివాళ్లు ఆమెకు ఒక బండను చూపించి, చుక్కలు చూసే బండ అన్నారు, పాపా ఉయి హెతుఉ. దాని దగ్గర్లో చిన్న చిన్న గుంటలు తొలిచిన రాయి ఉంది, అది చుక్కల పటం అన్నారు. నన్నడిగితే వాళ్ల నక్షత్ర శాస్త్రం వెతకాల్సిన చోటు అదీ. వాళ్ల మనుషులే వేలెత్తి చూపించిన చోటు. ఆ ఆవిడే తొమెనికా అనే కుష్ఠురోగిని కూడా కలిసింది, పాత రాత గురించి కొంత తెలిసినవాడిగా మిగిలింది అతనొక్కడే అన్నారు. కాగితం మీద కొన్ని గుర్తులు గీశాడు. ఆమె మళ్లీ మళ్లీ వెళ్లింది. కొద్దిరోజుల్లోనే అతను పోయాడు.

(ప్రేక్షకుల్లోంచి: అక్కడ కృత్తికలు మనలాగే కనిపిస్తాయా?)

మంచి ప్రశ్న. కనిపించవు. హైదరాబాద్‌లో కృత్తికలు దాదాపు నడినెత్తికి వస్తాయి. రాపా నుయి 27 డిగ్రీల దక్షిణాన ఉంది, అక్కడ ఎంత ఎక్కినా ఉత్తర ఆకాశంలో 39 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. వేటగాడు తలకిందులుగా ఉంటాడు. నా ఫ్రిజ్ మీద నేను చదివిన ఆకాశం హైదరాబాద్ ఆకాశం, వాళ్లది కాదు. ఆ సంగతి కూడా నాకు ఆలస్యంగానే తట్టింది.

ఆ గంగరావి ముక్క ఎవరి దగ్గర ఉంది? మీ దగ్గరే ఉంచండి, పిల్లలు అంచులు తగలకుండా చూసుకోండి. టైమ్ ఏడున్నర అవుతోంది, మబ్బు విడిపోయినట్టుంది. ఇవాళ పున్నమి కృత్తికల పక్కనే, అందుకే ఇది కార్తీకం. వెన్నెల్లో చుక్కలు మునిగిపోతాయి, బైనాక్యులర్లు ఉన్నవాళ్లు తెండి, లేనివాళ్లు బొటనవేలు చాపి చంద్రుణ్ని మూసి పక్కన చూడండి. డాబా మెట్ల దగ్గర లైటు లేదు, మెల్లగా ఎక్కండి.